రాని సంచికను పట్టుకోవడం ఎలా? లైబ్రరీలో ప్రింట్ జర్నల్స్ నిర్వహణ

[తెరపై: డిస్‌ప్లే ర్యాక్‌లో జర్నల్స్, మధ్యలో ఒక ఖాళీ అర]

నమస్కారం. లైబ్రరీకి పుస్తకం కొంటే పని ఒక్కసారితో అయిపోతుంది. బిల్లు సరిచూసి, యాక్సెషన్ నంబర్, అంటే లైబ్రరీలో ఆ పుస్తకానికిచ్చే వరుస నంబర్ వేసి, షెల్ఫ్‌లో పెట్టేస్తాం. జర్నల్‌కి మాత్రం ఏడాది చందా ముందే కట్టేస్తాం. ఆ డబ్బుకు రావాల్సిన సంచికలు నెలకొకటో, మూడు నెలలకొకటో వస్తుంటాయి. మధ్యలో ఒకటి ఆగిపోతే ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. వచ్చిన సంచిక బల్ల మీద ఉంటుంది కాబట్టి ఎలాగూ నమోదు చేస్తాం. రానిదే కంటికి కనిపించదు. పీరియాడికల్స్ విభాగంలో అసలైన పని దాన్ని సమయానికి పట్టుకోవడమే అని నా గట్టి నమ్మకం.

[తెరపై: మూడు కార్డుల బొమ్మ]

కంప్యూటర్లు రాకముందే మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ దీనికోసం మూడు కార్డుల పద్ధతి తయారుచేశారు. రిజిస్టర్ కార్డులో ఆ జర్నల్ చందా వివరాలు, వచ్చిన సంచికలు రాస్తారు. వర్గీకృత సూచిక కార్డు మన దగ్గర ఏ సంపుటాలు ఉన్నాయో విషయం వారీగా చెబుతుంది. ఇక చెక్ కార్డు. ఎంత తెలివైన ఆలోచనో చూడండి. తర్వాతి సంచిక ఏ వారం రావాలో ఆ వారం దగ్గర ఈ కార్డు పెడతారు. సంచిక రాగానే కార్డును ముందుకు, మళ్లీ రావాల్సిన వారానికి జరుపుతారు. వారం దాటినా అక్కడే మిగిలిపోయిన కార్డులు చూస్తే చాలు, ఏవి రాలేదో తెలిసిపోతుంది.

[తెరపై: సాఫ్ట్‌వేర్‌లో సంచికల పట్టిక]

న్యూజిలాండ్‌లో పుట్టిన కోహా లాంటి లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఇప్పుడు అదే పని చేస్తుంది. మొదటి సంచిక తేదీ, ఎంత కాలానికొకటి వస్తుంది, సంపుటి, సంచిక నంబర్లు ఎలా నడుస్తాయి అన్నవి ఇస్తే, రాబోయే సంచికల వరుసను అదే వేసి చూపిస్తుంది. సేవ్ చేసేముందు ఆ వరుసను గత ఏడాది సంచికల పక్కన పెట్టి సరిచూడండి. ఏడాదికి పది సంచికలే వేసే జర్నల్‌ని మాసపత్రిక అని ఇచ్చేస్తే, అసలు అచ్చే కాని రెండు సంచికల కోసం ఏటా టెన్షన్ పడాల్సి వస్తుంది.

చెక్-ఇన్, అంటే వచ్చిన సంచికను నమోదు చేసేటప్పుడు సంపుటి, సంచిక, కవరు మీది నెల, మన చేతికి అందిన తేదీ, ఈ నాలుగూ ఉండాలి. అనుబంధ సంచిక వస్తే దాన్ని విడిగా నమోదు చేయాలి. ఐఎస్‌ఎస్‌ఎన్, అంటే జర్నల్‌ని గుర్తించే ఎనిమిది అంకెల నంబర్ కూడా చూసుకోండి. ప్రింట్‌కి ఒకటి, ఆన్‌లైన్‌కి ఇంకొకటి ఉంటుంది. ఉదాహరణకి నేచర్ పత్రిక ప్రింట్ నంబర్ 0028-0836, ఆన్‌లైన్ నంబర్ 1476-4687. జర్నల్ పేరు బాగా మారిపోతే కొత్త ఐఎస్‌ఎస్‌ఎన్ వస్తుంది. అప్పుడు పాత రికార్డు మూసి, కొత్తది తెరిచి, రెండిటికీ లింకు ఇవ్వాలి.

[తెరపై: 4వ సంచిక, 6వ సంచిక, మధ్యలో ఖాళీ]

ఇప్పుడు క్లెయిమ్, అంటే రాని సంచికను పంపమని రాసి అడగడం. 4 తర్వాత నేరుగా 6 వచ్చిందంటే ఇక ఎదురుచూడకండి, ఆ రోజే 5 కోసం రాయండి. కాకపోతే రాసేముందు మూడు విషయాలు చూడాలి. 4, 5 కలిపి ఒకే సంచికగా వేశారేమో కవరు చూడండి. పేరు దగ్గరగా ఉన్న వేరే జర్నల్ కింద పొరపాటున నమోదైందేమో వెతకండి. రీడింగ్ హాల్‌లో ఎవరి చేతిలోనైనా ఉందేమో కనుక్కోండి. తర్వాత పేరు, ప్రింట్ ఐఎస్‌ఎస్‌ఎన్, సంపుటి, సంచిక, చందా నంబరు, డబ్బు కట్టిన వివరం రాసి ఏజెంటుకో, ప్రచురణకర్తకో పంపండి. పంపిన తేదీ నమోదు చేస్తేనే రెండో రిమైండర్ ఎప్పుడు పంపాలో తెలుస్తుంది.

ఆలస్యం చేస్తే నష్టం మనకే. ప్రచురణకర్తలు చాలామంది క్లెయిమ్‌కి గడువు పెడతారు. అది దాటితే ఉచితంగా ఇంకో ప్రతి ఇవ్వరు. మిగులు ప్రతులు అయిపోతే డబ్బిచ్చినా దొరక్కపోవచ్చు. అందుకే ప్రతి జర్నల్ గడువునూ చందా రికార్డులోనే రాసి పెట్టుకోండి, వారంలో ఒక పూట ఈ పనికే కేటాయించండి.

వాడకం లెక్క సులువే. చదివినవి షెల్ఫ్‌లో పెట్టకుండా బల్ల మీదే వదిలేయమని పాఠకులకు చెప్పి, తిరిగి సర్దేముందు లెక్కపెట్టండి. రెన్యూవల్ సమయంలో ఈ అంకెలు పనికొస్తాయి. అంకె చిన్నదని ఒక చిన్న విభాగానికి ఉన్న ఒకే ఒక్క జర్నల్‌ని తీసేయడం మాత్రం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ముందు ఆ అధ్యాపకులతో మాట్లాడండి.

[తెరపై: బౌండ్ వాల్యూమ్స్]

సంపుటి పూర్తయ్యాక బైండింగ్‌కి పంపుతాం. పంపేముందు పేజీలన్నీ ఉన్నాయా, విషయసూచిక ఉందా చూడాలి. లోపలి మార్జిన్ సన్నగా ఉంటే బైండర్‌కి ముందే చెప్పాలి, లేకపోతే కుట్టులో అక్షరాలు పోతాయి. బైండింగ్‌లో ఉన్నన్ని రోజులూ కేటలాగ్‌లో ఆ మాట కనిపించాలి.

ఎంత ప్రయత్నించినా దొరకని సంచిక ఉంటే కేటలాగ్‌లో దాచకండి. “సంపుటి 12 నుంచి 30 వరకు, 18లో 5వ సంచిక లేదు” అని స్పష్టంగా రాయండి. అది చూసిన పరిశోధకుడు మన షెల్ఫ్ దాకా వచ్చి వెతుక్కోకుండా, ఆ వ్యాసం కోసం నేరుగా వేరే లైబ్రరీని అడగమని మనకు చెప్పగలుగుతాడు.