భుజం పట్టుకుని జరిపిన చేయి

సహచర అంపైర్లకు, రిఫరీలకు నమస్కారం. మన శిక్షణ ఆన్‌లైన్‌లో ఉంటే చాలదు, మైదానంలోనూ కలవాలని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

అంపైరింగ్ మొదలుపెట్టిన కొత్తలో రనౌట్ అప్పీలంటే నాకు గుండె దడ. రూల్స్ పుస్తకం కంఠతా వచ్చు. బంతి ఎటు వెళ్తే అటు పక్కకు జరగాలి, బంతీ క్రీజూ వికెట్లూ మూడూ కంటికి ఆనే చోట నిలబడాలి అని గుక్క తిప్పుకోకుండా చెప్పేవాణ్ని. తీరా ప్రాక్టీసు మ్యాచ్‌లో త్రో వచ్చేసరికి బౌలర్ వీపు తప్ప ఏమీ కనబడలేదు. అప్పుడు ఒక పెద్దాయన వెనక నుంచి వచ్చి, ఒక్క మాటా అనకుండా నా భుజాలు పట్టుకుని రెండడుగులు జరిపారు. అంతే, క్రీజు మొత్తం కళ్లముందుకొచ్చింది. ఇన్నేళ్లయినా త్రో వస్తుందంటే నా కాళ్లు వాటంతటవే ఆ రెండడుగులు వేస్తాయి.

2020లో కరోనాతో మైదానాలు మూతపడినప్పుడు ఆన్‌లైన్ శిక్షణ మనల్ని ఆదుకుంది. రూల్ మారిందని అందరికీ ఒకేసారి చెప్పడానికి ఇప్పటికీ అదే మేలు. గోల్‌కీపర్ బంతిని చేతుల్లో 8 సెకన్లకు మించి ఉంచుకుంటే ఎదుటి జట్టుకు కార్నర్ కిక్ ఇవ్వాలని 2025లో ఫుట్‌బాల్‌లో మార్చారు. ఆ కబురు ఫోన్‌లో చెప్పొచ్చు. కానీ చివరి 5 సెకన్లు చెయ్యెత్తి లెక్కపెడుతూ, అదే సమయంలో పెనాల్టీ ఏరియాలో ఎవరు ఎవర్ని నెడుతున్నారో కనిపెట్టడం మైదానంలో నిలబడితేనే వస్తుంది.

వీడియోలో ఎక్కణ్నుంచి చూడాలో కెమెరా ముందే తేల్చేస్తుంది. ఏ క్షణం చూడాలో క్లిప్ కత్తిరించినవారు తేల్చేస్తారు. మన పనిలో సగం ఆ రెండూ తేల్చుకోవడమే కదా! పేస్ బౌలర్ ముందుకాలు గీత దాటిందో లేదో చూసిన కన్ను, అర సెకను లోపే అవతల బ్యాటర్ ప్యాడ్ మీదికి చేరాలి. ల్యాప్‌టాప్ ముందు ఆ చూపు ఎలా అలవాటవుతుంది? పైగా స్లోమోషన్‌లో చిన్న తాకిడి కూడా కావాలని చేసినట్టే ఉంటుంది. ఫుట్‌బాల్‌లో వీడియో చూసి రిఫరీకి సాయపడే పద్ధతి వీఏఆర్; దాని నియమావళి సైతం తాకిన చోటు లాంటివి తేల్చడానికే స్లోమోషన్ వాడమంటుంది. ఫౌల్ ఎంత తీవ్రమో మామూలు వేగంలోనే చూడమంటుంది.

నా మనసుకు బాగా పట్టిన విషయం ఇంకోటి. రికార్డవుతున్న మీటింగ్‌లో ‘నిన్న నేను తప్పు నిర్ణయం ఇచ్చాను’ అని ఎవరంటారు? మైకు మ్యూట్ చేసి, విని వెళ్లిపోతారు. అదే సెషనయ్యాక మెట్ల మీద పక్కన కూర్చుంటే కొత్త కుర్రాడు మెల్లగా నోరు విప్పుతాడు. ‘కెప్టెన్ మీదికొచ్చేసరికి గొంతు వణికిందన్నా, ఏం చెయ్యాలి?’ అంటాడు. దానికి రూల్ నంబరు జవాబు కాదు. లేచి నిలబడి, నువ్వు కెప్టెన్‌వనుకో అని, ఎంత దూరంలో ఉండాలో, ఏ మాట దగ్గర ఆపేయాలో చేసి చూపించాలి. తిట్లు భరించలేక మొదటి సీజన్‌లోనే మానేసిన పిల్లల్ని చూశాను. పక్కన ఒక మనిషి ఉంటే వాళ్లలో కొందరైనా నిలబడేవారని నా నమ్మకం.

నిర్వాహకులకు ఒక విన్నపం. రూల్స్ పరీక్షలు, క్లిప్పులు ఆన్‌లైన్‌లోనే ఉంచండి. సీజన్‌కు ముందొక రోజు, మధ్యలో ఒక రోజు మాత్రం మైదానంలో కలపండి. దూరం నుంచి వచ్చేవారికి ప్రయాణ ఖర్చు ఇవ్వండి.

ఇక బూట్లు కట్టుకోండి. కొత్తవాళ్లు బౌలర్ ఎండ్‌లో, సీనియర్లు వాళ్ల వెనక. త్రోలు నేను విసురుతాను.