150 మాటల్లో ఉద్దానం

శ్రోతలకు నమస్కారం.

టీవీలో పార్లమెంటు పెడితే ముందుగా కనబడేవి ప్లకార్డులు, వినబడేది కేకలు. అందులో పది సెకన్ల ముక్క సెల్‌ఫోన్లలో తిరుగుతుంది. మా ఎంపీ భలే గట్టిగా అడిగాడు అనుకుంటాం. గట్టిగా అడగడం ఒకటి, మంత్రి జవాబు చెప్పక తప్పని తీరులో అడగడం ఇంకొకటి. ఇప్పుడు మాట్లాడబోయేది ఈ రెండోదాని గురించే, శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బుతో నలిగిపోతున్న మన ఉద్దానం ప్రాంతం లాంటి సంగతులను లోక్‌సభలో ఎలా అడగాలో.

అసలు మీ ఎంపీ ఎవరో ముందు తేల్చుకోండి. జిల్లా హద్దులు వేరు, లోక్‌సభ హద్దులు వేరు. ఎచ్చెర్ల శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది, ఓటు మాత్రం విజయనగరం ఎంపీకి. శృంగవరపుకోట విజయనగరం జిల్లాది, లోక్‌సభకు వచ్చేసరికి విశాఖపట్నం. పాలకొండ వాళ్లు అరకు కిందికి వెళ్తారు. అర్జీలు చాలావరకు ఇక్కడే దారి తప్పుతాయి.

ఇక ప్రశ్న. లోక్‌సభలో ఉదయం 11 నుంచి 12 వరకు ప్రశ్నోత్తరాల సమయం. ప్రశ్న అడగాలంటే కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మంత్రిత్వ శాఖలను ఐదు గుంపులు చేసి వారంలో ఒక్కో రోజుకు ఒక్కో గుంపును కేటాయిస్తారు. అంటే రైల్వే ప్రశ్నను ఆరోగ్య శాఖ రోజున వేస్తే పనికిరాదు. వచ్చిన నోటీసులకు లాటరీ తీస్తారు. అందులో 20 స్టార్డ్ ప్రశ్నలు, 230 అన్‌స్టార్డ్ ప్రశ్నలు ఆ రోజు జాబితాకు ఎక్కుతాయి. ఒక సభ్యుడి పేరున అన్నీ కలిపి ఐదుకు మించవు, అందులో స్టార్డ్ ఒక్కటే.

స్టార్డ్ ప్రశ్నకు మంత్రి లేచి నోటితో జవాబు చెబుతారు. అడిగిన సభ్యుడు దాని మీద రెండు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. అయితే ఆ గంటలో నాలుగైదు ప్రశ్నలకు మించి వంతు రావడం అరుదు. సభ వాయిదా పడితే అదీ లేదు. అన్‌స్టార్డ్‌కు జవాబు కాగితం మీద వస్తుంది, సభలో ఎంత గొడవ జరిగినా వస్తుంది. టీవీలో కనబడదు కాబట్టి దానికి గ్లామర్ లేదు కానీ, జిల్లా పని చేయించాలంటే దాన్ని మించిన పనిముట్టు లేదు.

ప్రశ్న 150 మాటలు దాటకూడదు. వాదన ఉండకూడదు, ఆరోపణ ఉండకూడదు, అభిప్రాయం అడగకూడదు. కేంద్రానికి ప్రధానంగా సంబంధించిన విషయమే అయి ఉండాలి. మన ఉద్దానం ప్రశ్న పడిపోయేది ఈ చివరి షరతు దగ్గరే. "ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో జనం చనిపోతున్నారు, ప్రభుత్వం ఏం చేస్తోంది?" అని రాస్తే, "ప్రజారోగ్యం రాష్ట్రాల పరిధిలోని అంశం" అన్న ఒక్క వాక్యంతో ముగించేస్తారు. అదీగాక ఉద్దానం అంటే ఏమిటో ఢిల్లీ గుమాస్తాకు తెలియదు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు అని మండలాల పేర్లు రాయాలి. ఆ పైన కేంద్రం డబ్బు ఎక్కడెక్కడ తగులుతుందో చూసి అక్కడ పట్టుకోవాలి. 2016లో మొదలైన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం కింద ఈ ఏడు మండలాల వారికి ఎన్ని కేంద్రాలు, ఎన్ని యంత్రాలు? గత మూడేళ్లలో ఏ ఏడు ఎంత విడుదలైంది, ఎంత ఖర్చయింది? జబ్బు కారణం మీద భారత వైద్య పరిశోధన మండలి ఏ అధ్యయనాలకు నిధులిచ్చింది, వాటి నివేదికలు ఎక్కడ? తాగునీటి సంగతి జల్ జీవన్ మిషన్ కింద వేరే ప్రశ్నగా జల్‌శక్తి శాఖకు వెయ్యాలి. రెండూ కలిపి ఒకే ప్రశ్నలో కుక్కితే రెండు శాఖలూ తప్పించుకుంటాయి.

వంశధార నది నీళ్ల మీద మనకూ ఒడిశాకూ ఉన్న తగాదా విషయంలో ఇంకో ముల్లు ఉంది. ఆ తగాదా తేల్చే ట్రైబ్యునల్ 2017 సెప్టెంబరు 13న తీర్పు చెప్పింది, ఆ నది మీద నేరడి బ్యారేజీకి దారి చూపింది. ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది. కోర్టులో ఉన్న విషయం మీద ప్రశ్న వేస్తే లోక్‌సభ సచివాలయం తిప్పి పంపుతుంది. "నేరడి ఎప్పుడు కడతారు?" అనే బదులు, తీర్పును గెజిట్‌లో ప్రకటించే విషయంలో కేంద్రం ఇప్పటివరకు ఏ తేదీన ఏ చర్య తీసుకుంది అని అడగాలి. అది కోర్టు తేల్చాల్సిన సంగతి కాదు, ఫైలులో ఉండే సంగతి.

12 గంటల తర్వాత జీరో అవర్. అత్యవసరమైన విషయానికి ఆ ఉదయం 10 లోపు నోటీసు ఇస్తే చాలు, వంతు లాటరీలో తేలుతుంది. మైకు రెండు మూడు నిమిషాలే. దానికి మంత్రి జవాబివ్వాలన్న నిబంధనేమీ లేదు. లోక్‌సభ 377వ నిబంధన కింద ఎంపీ చెప్పేది మాత్రం కాస్త గట్టిది. 250 మాటల లోపు రాసివ్వాలి, వారానికి ఒకటే, రోజుకు 20 మందికి. ఆమోదించిన పాఠం దాటి చదివింది రికార్డుకు ఎక్కదు. దీనికి మంత్రి నుంచి రాతపూర్వకంగా ఉత్తరం వస్తుంది. తెలుగులోనూ మాట్లాడవచ్చు, దుబాసీలుంటారు. అంకెలు మాత్రం నింపాదిగా పలకాలి. లక్ష వెయ్యిగా వినబడితే అంతే సంగతులు.

మన స్టేషనులో రైలు ఆపాలన్న కోరికకు 377 బాగా నప్పుతుంది. "హాల్టులు ఇవ్వడం నిరంతర ప్రక్రియ, ప్రయాణికుల సంఖ్యను, నిర్వహణ వీలును బట్టి ఉంటుంది" అన్నది రైల్వే వారి పాత జవాబు. కాబట్టి ఆ స్టేషనులో మూడేళ్లలో అమ్మిన టికెట్ల లెక్క, రైలు నంబరు, దాని ముందు వెనక ఆగే స్టేషన్ల మధ్య దూరం ముందే జతచేసి, ఆరు నెలలు ప్రయోగాత్మకంగా ఆపి చూడమని అడగాలి. వట్టి "జనం ఇబ్బంది పడుతున్నారు" అంటే కుదరదు.

ఇక జాతీయ విషయాలు. ఇది ఊరిది, అది దేశానిది అని గీత గీయడం తేలిక కాదు. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న మన తీరం దాటింది. కొబ్బరి, జీడిమామిడి వేళ్లతో లేచిపోయాయి. విపత్తు సహాయ నిధి నుంచి ఎంత ఇవ్వవచ్చో కేంద్రం నిబంధనలు పెడుతుంది. 2022-26 కాలానికి బహువార్షిక పంటలకు హెక్టారుకు 22,500 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే, పంట 33 శాతం పోతేనే. ఏడున్నర మీటర్ల ఎడంతో వేసిన కొబ్బరి హెక్టారుకు సుమారు 175 చెట్లు. చెట్టుకు 130 రూపాయలు కూడా పడవు. దేశవాళీ మొక్క మళ్లీ కాపుకొచ్చేసరికి ఆరేడేళ్లు. ఏడాది పంటకైనా, పాతికేళ్ల చెట్టుకైనా చెట్ల లెక్క కాక హెక్టారు లెక్కే ఎందుకని అడిగితే అది కవిటి రైతు ప్రశ్నే, కేరళ రైతు ప్రశ్న కూడా. పక్క రాష్ట్రాల సభ్యులు అప్పుడు తోడొస్తారు. ఇలాంటివి నిధుల పద్దులను పరిశీలించే స్థాయీ సంఘాల్లో బాగా నలుగుతాయి. అక్కడ కెమెరాలుండవు, అధికారులు ఎదురుగా కూర్చుని సమాధానం చెప్పుకోవాలి.

ఒక చిక్కు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు బాగా అలవాటైనదే. ఎంపీ కేంద్ర మంత్రి అయితే ప్రశ్న వేయలేరు, జీరో అవర్‌లో లేవలేరు. ఎర్రన్నాయుడు, కృపారాణి, అశోక్ గజపతిరాజు, 2024 జూన్ నుంచి రామ్మోహన్ నాయుడు, అందరి విషయంలోనూ అంతే. మంత్రి చేయి తన శాఖలో పనిచేస్తుంది. మిగతా శాఖలను నిలదీయాల్సిన ప్రశ్న పక్క నియోజకవర్గం ఎంపీ చేతనో, రాజ్యసభ సభ్యుల చేతనో వేయించాలి. అర్జీ ఒక్కచోటే ఇచ్చి ఊరుకోకండి.

జవాబు వచ్చాక అసలు పని మొదలవుతుంది. "పరిశీలిస్తున్నాం", "సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాం" అని మంత్రి అంటే అది హామీ కింద లెక్క. మూడు నెలల్లో నెరవేర్చాలి, లేకపోతే ప్రభుత్వ హామీల సంఘం పట్టుకుంటుంది. జవాబులన్నీ లోక్‌సభ వెబ్‌సైటులో ప్రశ్న నంబరు, తేదీతో సహా ఉంటాయి, ఇంగ్లిషులో, హిందీలో. బడి మాస్టారి చేత చదివించుకోండి. చదివేటప్పుడు ఒకటి గమనించండి. ప్రశ్నలో ఎ, బి, సి, డి అని నాలుగు భాగాలుంటే, జవాబులో "ఎ నుంచి డి వరకు" అని ఒకే పేరా కనబడుతుంది. ఆ పేరాలో మూడింటికే సమాధానం ఉంటుంది. జారవిడిచిన నాలుగోదాన్ని కాగితం మీద రాసి పెట్టుకుని, వచ్చే సమావేశాలకు నెల ముందే ఎంపీ ఆఫీసులో ఇవ్వండి, ఆ ఒక్కటే ప్రశ్నగా.