గల్ఫ్‌లో క్షిపణి లేస్తే కడపలో ఎవరికి నిద్ర పట్టదు?

[తెర: కడప బస్టాండు దగ్గర ట్రావెల్స్ బోర్డులు]

2025 జూన్ 23 రాత్రి ఖతర్‌లోని అమెరికా సైనిక స్థావరం అల్ ఉదేద్ మీద ఇరాన్ క్షిపణులు వేసింది. కువైట్ కూడా కాసేపు విమానాలు ఆపేసింది. టీవీకి అది విదేశీ వార్త. ఉమ్మడి కడప జిల్లాలో, అందులోనూ రాయచోటి, రాజంపేట వైపు, అది ఇంటి వార్తే.

పని కోసం గల్ఫ్‌కు పోయింది కొడుకా, కూతురా అన్నదాన్ని బట్టి ఇంట్లో గుబులు మారుతుంది.

[తెర: 18, 20 అంకెలు]

కువైట్‌లో కంపెనీ పనికి 18 నంబరు వీసా, ఇంటి పనికి 20. ఇళ్లలో డ్రైవర్లుగా పోయే మగవాళ్లదీ 20 నంబరే, అది మరవొద్దు. కానీ డ్రైవరు బండి తీసుకుని రోడ్డెక్కుతాడు. మనూరోళ్లు తగులుతారు, "యాడుండావురా, ఏమంటాండారు?" అని అడుగుతాడు. ఇంట్లో పనిచేసే ఆడమనిషి గడప దాటాలంటే 'మామా' ఒప్పుకోవాలి. అక్కడ యజమానురాలిని అలాగే పిలుస్తారు. చాలాచోట్ల పాస్‌పోర్టు కఫీల్ (వీసా ఇప్పించిన యజమాని) బీరువాలో ఉంటుంది. కొన్ని ఇళ్లలో ఫోను కూడా రాత్రి గిన్నెలు తోమాకే చేతికొస్తుంది. సైరన్ మోగితే ఎటు పోవాలో ఆమెకు చెప్పేదెవరు?

[తెర: 1990]

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లో దిగాయి. మనవాళ్లు ఇరాక్ మీదుగా, వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు రోడ్డున జోర్డాన్ చేరారు. అమ్మాన్ నుంచి సుమారు 1,70,000 మందిని విమానాల్లో తెచ్చారు. గొప్ప పనే, కాదనను. అయితే ఆ బస్సెక్కాలన్నా ముందు ఇంట్లోంచి బయట పడాలి కదా.

[తెర: పాస్‌పోర్టు పేజీ, దగ్గరగా]

ఇక అసలు మెలిక. పదో తరగతి దాటనివాళ్లకు సాధారణంగా వచ్చేది ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే కొన్ని దేశాలకు పనికి పోవాలంటే ముందు ప్రభుత్వ అనుమతి కావాలి. దాని మీద ఆడవాళ్లు గల్ఫ్‌లో ఇంటి పనికి పోవాలంటే 30 ఏళ్లు నిండాలి, ప్రభుత్వ సంస్థ ద్వారానే పోవాలి. మన రాష్ట్రంలో అది ఓంక్యాప్. మగవాళ్లకు ఈ వయసు అడ్డు లేదు. కాపాడదామనే పెట్టారు. కానీ ఇంట్లో వడ్డీ 30 నిండేదాకా ఆగుతుందా? ఏజెంటు విజిటింగ్ వీసా చేతిలో పెట్టి విమానం ఎక్కిస్తాడు. కాగితాల్లో ఆమె టూరిస్టు. గొడవలొచ్చిన రోజు పనివాళ్ల జాబితా తిరగేస్తే ఆమె పేరే ఉండదు. నన్నడిగితే యుద్ధం కంటే ఇదే ఎక్కువ ప్రమాదం.

తిరిగొచ్చాక కూడా అంతే. మగవాడు ఉత్త చేతులతో వస్తే అప్పులోళ్లు వస్తారు. ఆడమనిషి వస్తే అప్పులోళ్లతో పాటు "ఆడ ఏం చేసిందో ఏమో" అనే నోళ్లూ లేస్తాయి.

[తెర: ఫోన్లో ఫొటోలు]

మీ ఇంట్లో ఎవరైనా పోతుంటే, పాస్‌పోర్టు, వీసా, కఫీల్ ఫోను నంబరు ఫొటోలు తీసి ఇక్కడే ఉంచుకోండి. అక్కడికి చేరాక సివిల్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు) ఫొటో కూడా పంపమనండి. విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఇంటివాళ్లు కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. ఆ వివరాలుంటే మనిషిని వెతకడం సులువు.