రాయికి దారి ఉంటది బిడ్డా

(దేవరకొండ దగ్గరి ఒక ఉన్నత పాఠశాలలో సైన్స్ దినోత్సవం నాడు చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ప్రధానోపాధ్యాయులకు, టీచర్లకు, ఇంత ఎండలో ఓపికగా కూర్చున్న పిల్లలకు, అటు గోడ పక్కన నిలబడ్డ తల్లిదండ్రులకు నమస్కారం. 1928 ఫిబ్రవరి 28న రామన్ గారు ప్రకటించిన ఆవిష్కరణ గురించి నాకు ముందు మాట్లాడిన సార్ చక్కగా చెప్పారు. నేను మళ్లీ చెప్పను.

నాకిచ్చిన అంశం ‘ఖనిజాలు, శిలలు, అవి ఏర్పడే విధానం’. నోట్సు రాసుకునే వచ్చాను. కానీ బస్సు దిగి నడిచి వస్తుంటే మీ ఊరి గుట్ట కింద ముగ్గురు రాయి కొడుతూ కనిపించారు. అక్కడే ఆగిపోయాను. మా నాయిన రాయి కొట్టేవాడు. మేము వడ్డెరోళ్లం. మా తాత నాగార్జునసాగర్ కట్టకు రాయి కొట్టినవాడు. 1955లో నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన ఆ డ్యామ్‌ను రాయి మీద రాయి పేర్చి కట్టారు. ఆ రాళ్లు పగలగొట్టినవాళ్లలో పాలమూరు, నల్లగొండ మనుషులు ఎందరో ఉన్నారు.

ముందు పాఠం. ఇంట్లో చుడువా చేస్తారు కదా. అందులో అటుకులు, పల్లీలు, పుట్నాలు, కరివేపాకు దేనికది కనబడతాయి. చుడువా మొత్తం శిల అనుకోండి, అందులో ఒక్కో పలుకు ఒక్కో ఖనిజం. ఇదిగో, ఈ రాయి మీ గుట్టదే, దోవలో ఏరుకొచ్చాను. గులాబీ రంగులో ఉన్నది ఫెల్‌స్పార్. గాజు ముక్కలా మసకగా ఉన్నది పలుగు, పుస్తకంలో క్వార్ట్జ్ అంటారు. నల్లగా తళుకుమంటున్నది అభ్రకం. మూడూ కలిస్తే గ్రానైట్. ముందు వరుసలో వాళ్లు చూసి వెనక్కి ఇవ్వండి. కింద పడేయకండి, దాని వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు.

ఇది ఎక్కడ పుట్టింది? భూమి లోపల, కొన్ని కిలోమీటర్ల లోతున. 700 డిగ్రీల పైన కాగిన రాతిద్రవం పైకి రాలేక అక్కడే ఆగి, లక్షల ఏళ్లు మెల్లగా చల్లారింది. మెల్లగా చల్లారింది కాబట్టే పలుకులు కంటికి కనిపించేంత పెరిగాయి. మన గుట్టల మధ్య అక్కడక్కడ నల్లరాయి గోడలా పోతుంది చూశారా? అది డోలరైట్. గ్రానైట్ గట్టిపడ్డాక దాని చీలికల్లోకి ఎగబాకిన వేరే ద్రవం. అది త్వరగా చల్లారింది, అందుకే పలుకులు సన్నం.

మరి అంత లోతున పుట్టిన గ్రానైట్ మీ బడి వెనక ఎలా ఉంది? పైనున్నదంతా వానకు, గాలికి అరిగి కొట్టుకుపోయింది. మీద బరువు తగ్గేసరికి బండ పొరలు పొరలుగా విచ్చింది. చీలికల్లో నీళ్లు దిగి మూలలు అరిగితే గుండ్లు మిగిలాయి. ఒక గుండు మీద ఒక గుండు ఎవరో ఎత్తిపెట్టినట్టు ఉండేది అందుకే. ఫెల్‌స్పార్ కుళ్లి బంకమట్టి అయింది. పలుగు మాత్రం కుళ్లదు. వాగులో ఇసుక అయింది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

సున్నపురాయి మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు దొరుకుతుంది. పాతకాలపు సముద్రం అడుగున పేరుకున్నది. అక్కడి సిమెంటు ఫ్యాక్టరీలన్నీ దాని మీదే నడుస్తున్నాయి. అది అవక్షేప శిల. ఒత్తిడికి, వేడికి మారిపోయి చారలు పడ్డ రాయి, నైస్ అంటారు, అది రూపాంతర శిల. ఈ రెండూ మీ పుస్తకంలో బాగానే ఉన్నాయి, చదువుకోండి. ఫ్లోరైడ్ సంగతి ఎవరో అడుగుతారని తెలుసు. ఇదే గ్రానైట్‌లో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు ఉంటాయి. వాటి మధ్య ఏళ్ల తరబడి నిలిచిన బోరు నీళ్లలోకి అది దిగుతుంది. నల్లగొండ బిడ్డలకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మా నాయిన మాట. ఆయన సంతకం కూడా చేయలేడు. బండ మీద సమ్మెటతో ఒక్కటి కొట్టి చెవి పెట్టేవాడు. ఖంగున మోగితే మంచి రాయి, మూగగా పలికితే లోపల చీలిక. తర్వాత అరచేతితో నిమిరి, ‘రాయికి దారి ఉంటది బిడ్డా, ఇటు కొడితే పలుగుతది, అటు కొడితే ముక్కలైతది’ అనేవాడు. వరుసగా చిన్న గుంటలు తొలిచి, ఇనుప చీలలు దిగ్గొట్టి, ఒక్కోదాన్ని ఒక్కో దెబ్బ. పదడుగుల బండ గీత గీసినట్టు విడిపోయేది.

డిగ్రీలో జియాలజీ తీసుకున్నాను. వైవాలో గ్రానైట్ ముక్క చేతికిచ్చి, దీని గురించి చెప్పమన్నారు. ఈ రాయికి పలిగే దారి ఉంటుంది సార్, మూడు దిక్కుల్లో మూడు రకాలుగా పలుగుతుంది అన్నాను. పరీక్ష పెట్టినాయన నవ్వాడు. ‘ఎవరు చెప్పారమ్మా, మీ ఊరి వడ్డెరోళ్లా?’ అన్నాడు. అవును సార్, మా నాయిన అన్నాను. గదిలో అందరూ నవ్వారు. నాకు మార్కులు తగ్గాయి.

నాయిన చెప్పింది అక్షరాలా నిజం పిల్లలూ. గ్రానైట్ పలుకుల్లో కంటికి కనిపించని సన్నటి పగుళ్లు ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. ఆ వైపు సులువుగా చీలుతుంది, దానికి అడ్డంగా కొంచెం కష్టం, మూడో వైపు చాలా కష్టం. గనుల పుస్తకాల్లో ఈ మూడింటికీ పేర్లున్నాయి. పాత రోజుల్లో బండ మీద మంట పెట్టి పొర లేపేవారు కదా, దానికీ కారణం ఉంది. వేడికి పలుగు తక్కిన పలుకుల కంటే ఎక్కువ ఉబ్బుతుంది. 573 డిగ్రీల దగ్గర దాని లోపలి అమరికే మారిపోతుంది.

పలుగు కుళ్లదని చెప్పాను. మోస్ అనే ఆయన 1812లో ఖనిజాల గట్టిదనానికి పది మెట్లు పెట్టాడు. అందులో పలుగుది ఏడో మెట్టు, చాకును కూడా గీస్తుంది. గ్రానైట్‌లో కనీసం ఐదో వంతు అదే ఉంటుంది. కోత మిషన్ వచ్చాక మా నాయిన దాని మీద పనికి పోయాడు. నీళ్లు లేకుండా, పొడి కోత. సాయంత్రానికి మనిషి పిండిమరలోంచి వచ్చినట్టు ఉండేవాడు. అమ్మ నవ్వుతూ కొంగుతో దులిపేది. వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని ఆ దుమ్ము ఊపిరితిత్తుల అడుగుకు పోతుంది. ఒంట్లోని కణాలు దాన్ని మింగుతాయి, అరిగించుకోలేవు, చచ్చిపోతాయి. అక్కడ మచ్చ గట్టిపడుతుంది. వాగులో కుళ్లనిది ఊపిరితిత్తిలో కుళ్లుతుందా?

దగ్గు మొదలైంది. ఒక ఆసుపత్రిలో టీబీ అన్నారు. ఏడాదిన్నర మందులు మింగించారు. ఏం పని చేస్తావని ఒక్కరు అడగలేదు. ఒక్కరు! అడిగి ఉంటే పని మాన్పించేవాళ్లం. అది సిలికోసిస్, అంటే రాతి దుమ్ముతో ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు, అని తెలిసేసరికి నాలుగు మెట్లు ఎక్కలేకపోయేవాడు. దానికి నయం చేసే మందు లేదు. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే దాని పేరు ఉండేది, వస్తే అధికారులకు తెలియజేయాలని రాసి ఉండేది. మా నాయిన పేరు ఏ కాగితం మీదా ఎక్కలేదు.

నోట్సులో ఇంకా రెండు పేజీలున్నాయి. వదిలేస్తున్నాను. నలభై నిమిషాలు అయిపోయిందని సార్ చేయి చూపిస్తున్నారు. సార్, ఐదు నిమిషాలు ఇవ్వండి.

క్రషర్‌కు, పాలిషింగ్‌కు, రాయి కోతకు పోయేవాళ్ల పిల్లలు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. సిగ్గుపడకండి, నేనూ ఎత్తాను చూడండి. అమ్మో, ఇంతమందా. మీరు ఇంటికి పోయాక మీ నాయినలను, మీ అమ్మలను అడగండి, కోత మీద నీళ్లు పడుతున్నాయా లేదా అని. నీళ్లు పడితే దుమ్ము తడిసి కింద పడుతుంది. ముక్కుకు తువ్వాల కట్టుకుంటే అంత సన్నటి దుమ్ము ఆగదు. దగ్గుతో ఆసుపత్రికి పోతే, వాళ్లు అడగకపోయినా, రాయి పని చేస్తానని చెప్పమనండి. ఛాతీ ఎక్స్‌రే తీయమనండి.

చేతులెత్తిన వాళ్లు భోజనానికి పోకుండా ఒక్క నిమిషం ఆగండి. కోత మిషన్‌కు నీళ్ల పైపు ఎక్కడ, ఎలా కట్టాలో ఇక్కడ బోర్డు మీద గీస్తాను. టీచర్ గారూ, సుద్దముక్క ఇవ్వండి.