కనస్టోటా గోడ మీద లేని ఇద్దరు

సభకు నమస్కారం.

తగిన గుర్తింపు దక్కని బాక్సర్ల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. పేర్లు చెబుతూ పోతే ఈ రాత్రి చాలదు. అందుకే ఇద్దరినే ఎంచుకున్నాను. ఒకరు థాయ్‌లాండ్‌కు చెందిన పాంగ్‌సక్లెక్ వాంజాంకమ్, రెండోవారు ఇండోనేషియాకు చెందిన క్రిస్ జాన్. ఇద్దరూ తక్కువ బరువు విభాగాల్లో తలపడ్డారు. కెరీర్‌లో ఎక్కువ భాగం సొంతగడ్డ మీదో, జపాన్ వంటి ఆసియా దేశాల్లోనో గడిపారు. అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఇప్పటివరకు ఇద్దరికీ చోటు లేదు. ఇందుకు కారణం వాళ్ల ఆటలో ఉందని నేను అనుకోను. ఓటు వేసేవాళ్లలో చాలామంది వాళ్లను చూడనే లేదని నా నమ్మకం.

ఆ హాల్ న్యూయార్క్ రాష్ట్రంలోని కనస్టోటా అనే చిన్న ఊళ్లో ఉంది. మాజీ ప్రపంచ ఛాంపియన్ కార్మెన్ బాసిలియో సొంత ఊరు అది. 1990లో తొలి బృందాన్ని చేర్చుకున్నారు. అమెరికా బాక్సింగ్ రచయితల సంఘం సభ్యులు, వివిధ దేశాల బాక్సింగ్ చరిత్రకారులు ఓటు వేస్తారు. ఆధునిక విభాగంలో ఏటా చోటు దక్కేది కొద్దిమందికే. ఓటరు ముందు పెద్ద జాబితా ఉంటుంది. అందులో లాస్ వెగాస్‌లో తలపడినవాడి పేరు కనబడగానే ఓటరుకు రౌండ్లు గుర్తుకొస్తాయి. బ్యాంకాక్‌లోనో జకార్తాలోనో గెలిచినవాడి పేరు చదివితే అంకెలు మాత్రమే కనిపిస్తాయి.

ముందుగా పాంగ్‌సక్లెక్ సంగతి చూద్దాం. అతనిది ఫ్లైవెయిట్ విభాగం. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో దాని పరిమితి 112 పౌండ్లు, అంటే 51 కిలోలకు కాస్త తక్కువ. ఈ బరువు మనకు కొత్త కాదు. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది 52 కిలోల విభాగంలోనే. ఆ ఫైనల్లో ఆమె ఓడించిన జుటామస్ జిట్‌పాంగ్ కూడా థాయ్ బాక్సరే. ఈ బరువులో కాళ్లు ఎంత వేగంగా కదలాలో, ఒక్క క్షణం ఏమరుపాటుకు ఎంత మూల్యం చెల్లించాలో ఆ బౌట్ చూసినవాళ్లకు వివరించనక్కర్లేదు.

పాంగ్‌సక్లెక్ ఎడమచేతి వాటం బాక్సర్. 2001 మార్చిలో ఫిలిప్పీన్స్‌కు చెందిన మాల్కమ్ తున్యకావోను మొదటి రౌండులోనే ఆపేసి డబ్ల్యూబీసీ (వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్) బెల్టు, అంటే ఆ సంస్థ ఇచ్చే ప్రపంచ టైటిల్, అందుకున్నాడు. 2007 జులై వరకు దాన్ని వదల్లేదు. వరుసగా 17 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. అంతకుముందు ఆ విభాగంలో రికార్డు మెక్సికోకు చెందిన మిగెల్ కాంటోది, 14 సార్లు. కాంటో 1998లో హాల్‌లో చేరాడు, అందుకు పూర్తిగా అర్హుడు కూడా. అదే బెల్టు మీద అతని రికార్డును దాటిన మనిషి మాత్రం ఇంకా బయటే నిలబడి ఉన్నాడు.

జపాన్ బాక్సర్ దైసుకె నైతోతో అతను తలపడిన నాలుగు బౌట్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 2002లో జరిగిన మొదటి పోరు 34 సెకన్లలో ముగిసింది. దెబ్బ తగిలింది, నైతో లేవలేదు. 2005లో టోక్యోలో రెండోసారి కలిశారు. ఆ పోరు 12 రౌండ్లూ పూర్తికాకుండానే ఆగి, పాయింట్ల లెక్కన పాంగ్‌సక్లెక్‌దే అయింది. 2007లో మళ్లీ టోక్యోలోనే నైతో 12 రౌండ్లు నిలబడి గెలిచాడు. ఆరేళ్లకు పైగా సాగిన ఏలుబడి అక్కడ ముగిసింది. 2008లో నాలుగోసారి, అదీ టోక్యోలోనే, పోరు సమంగా ముగిసింది. బెల్టు నైతో దగ్గరే ఉండిపోయింది. ఒక ఛాంపియన్ తాను 34 సెకన్లలో పడగొట్టినవాడిని ఎదుర్కోవడానికి మళ్లీ మళ్లీ అతని దేశానికే వెళ్లాడు. సొంతూరు దాటని ఛాంపియన్ అని అతని మీద ముద్ర వేసేవాళ్లు ఈ మూడు టోక్యో ప్రయాణాలను లెక్కలోకి తీసుకోవాలి.

చాలామంది అతని కథ అక్కడితో ముగిసిందనుకున్నారు. 2010 మార్చిలో అతను మరోసారి టోక్యో వెళ్లాడు. ఈసారి ఎదురుగా ఉన్నది నైతోను ఓడించిన కోకి కమెడా. కమెడా అప్పటికి ఓటమి ఎరుగని బాక్సర్, జపాన్ అంతటా అభిమానులున్న యువకుడు. పాంగ్‌సక్లెక్‌కు అప్పుడు 32 ఏళ్లు. ఈ బరువులో 32 అంటే వృద్ధాప్యమే, ఎందుకంటే ఇక్కడ బాక్సర్‌కు మొదట దూరమయ్యేది వేగం. ఒక జడ్జి సమంగా లెక్కవేశాడు, మిగతా ఇద్దరూ పాంగ్‌సక్లెక్‌ను విజేతగా ప్రకటించారు. ఆ తర్వాత అతను ఎడ్గర్ సోసా వంటి గట్టి ప్రత్యర్థిని కూడా ఓడించాడు. 2012లో సానీ బాయ్ జారో చేతిలో ఆరో రౌండులో ఓడి బెల్టు కోల్పోయాడు.

అతని మీద ఉన్న ఫిర్యాదును కూడా చెప్పాలి. టైటిల్ పోరుల మధ్య అనామకులతో చాలా బౌట్లు ఆడాడు. తన కాలంలోనే ఇదే విభాగంలో మిగతా సంస్థల బెల్టులు పట్టుకున్న ఒమర్ నార్వాయెజ్, విక్ దార్చిన్యాన్‌లతో ఎప్పుడూ తలపడలేదు. ఇది నిజమే, నేను కాదనను. కానీ ఫ్లైవెయిట్‌లో పెద్ద డబ్బు లేదు. డబ్బు లేని చోట ఖండాలు దాటించి ఇద్దరు ఛాంపియన్లను ఒక రింగులోకి తెచ్చే ప్రమోటర్ దొరకడు. ఆ లోటును బాక్సర్ ఖాతాలో వేయడం న్యాయం కాదు.

ఇక క్రిస్ జాన్. మధ్య జావాలోని బంజర్‌నెగారాలో 1979లో పుట్టాడు. ఫెదర్‌వెయిట్, అంటే 126 పౌండ్లు. 2003లో డబ్ల్యూబీఏ (వరల్డ్ బాక్సింగ్ అసోసియేషన్) బెల్టు దక్కింది. 2013 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో దక్షిణాఫ్రికాకు చెందిన సింపివె వెట్యెకా చేతిలో ఓడేదాకా, అంటే పదేళ్లపాటు, అతను ఛాంపియనే. కెరీర్ మొత్తంలో ఓటమి ఆ ఒక్కటే. ఓడిన నెలలోనే రిటైర్మెంట్ ప్రకటించాడు. 18 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. అదే బెల్టు మీద పనామాకు చెందిన యూసెబియో పెడ్రోజా 19 సార్లు నిలబెట్టుకుని 1999లో హాల్‌లో చేరాడు. ఒకే ఒక్కటి తేడా.

క్రిస్ జాన్ విషయంలో అంకెలకన్నా బలమైన ఆధారం మరొకటి ఉంది. 2006 మార్చిలో మెక్సికో దిగ్గజం హువాన్ మాన్యువల్ మార్కెస్ అతనితో తలపడటానికి బోర్నియోలోని టెంగరోంగ్‌కు వచ్చాడు. ఫిలిప్పీన్స్ స్టార్ మ్యానీ పకియావ్‌తో మరో పోరుకు వచ్చిన పెద్ద మొత్తాన్ని కాదని, చివరికి సుమారు 31 వేల డాలర్లకు ఈ బౌట్ ఒప్పుకున్నాడని అప్పట్లో చాలా చర్చ జరిగింది. 12 రౌండ్ల తర్వాత ముగ్గురు జడ్జీలూ జాన్‌నే విజేతగా తేల్చారు. నడుము కింద కొట్టినందుకు మార్కెస్‌కు రెండు పాయింట్లు కోత పడ్డాయి. ఆ రెండూ తిరిగి కలిపినా ఫలితం మారదు. తీర్పు మీద వివాదం ఉంది, మార్కెస్ గెలిచాడనే విశ్లేషకులూ ఉన్నారు. నేను ఆ బౌట్‌ను జాన్‌కే ఇస్తాను. అతని జాబ్ (ముందు చేత్తో సూటిగా విసిరే పంచ్), మార్కెస్ ముందుకు వచ్చిన ప్రతిసారీ పక్కకు తప్పుకునే తీరు నన్ను ఒప్పించాయి. మార్కెస్ 2020 బృందంలో హాల్‌కు ఎంపికయ్యాడు.

తర్వాత జరిగింది ఇంకా బాధాకరం. 2009 ఫిబ్రవరిలో జాన్ అమెరికాలో తలపడ్డాడు. హ్యూస్టన్‌లో, ఆ ఊరివాడే అయిన రాకీ హువారెజ్‌తో. ముగ్గురు జడ్జీలూ 114-114 వేశారు, అంటే పోరు సమం. ఆ రాత్రి ప్రధాన బౌట్ ఎవరిదంటే మార్కెస్‌దే. సెప్టెంబరులో లాస్ వెగాస్‌లో హువారెజ్‌తో మళ్లీ తలపడి జాన్ స్పష్టంగా గెలిచాడు. అక్కడా ప్రధాన బౌట్ మార్కెస్‌దే, ఎదురుగా అమెరికా స్టార్ ఫ్లాయిడ్ మేవెదర్. మార్కెస్‌ను ఓడించిన రికార్డు చేతిలో ఉన్న అజేయ ఛాంపియన్ రెండుసార్లూ మార్కెస్ కార్యక్రమంలో ప్రధాన బౌట్‌కు ముందు జరిగే చిన్న బౌట్లు ఆడవలసి వచ్చింది. అమెరికా ప్రేక్షకులు అతన్ని చూసింది ఆ రెండు రాత్రులే.

గెలుపులు లెక్కపెట్టి అందరినీ చేర్చమని నేను అడగడం లేదు. జర్మనీకి చెందిన స్వెన్ ఓట్కె 34 బౌట్లూ గెలిచి, 21 సార్లు టైటిల్ నిలబెట్టుకుని, ఓటమి లేకుండా వెళ్లిపోయాడు. దాదాపు అంతా సొంత దేశంలో, వాటిలో కొన్ని తీర్పులు ఇప్పటికీ మింగుడుపడవు. అతని పేరు వస్తే నేను తటపటాయిస్తాను. పాంగ్‌సక్లెక్ టోక్యోలో గెలిచాడు, జాన్ లాస్ వెగాస్‌లో గెలిచాడు. నా దృష్టిలో తేడా అదే.

థాయ్ వాళ్లకు హాల్ తలుపులు మూసిలేవు కదా, ఖావోసాయ్ గెలాక్సీ 1999లోనే చేరాడు కదా అని అడగవచ్చు. నిజమే. అతను 19 సార్లు టైటిల్ నిలబెట్టుకుంటే అందులో 16 నాకౌట్లు. నాకౌట్ వార్త ఒక్క వాక్యంలో సముద్రాలు దాటుతుంది. క్రిస్ జాన్ కాలి కదలిక అలా దాటదు, కూర్చుని 12 రౌండ్లూ చూడాలి.

థాయ్‌లాండ్ తొలి ప్రపంచ ఛాంపియన్ పోన్ కింగ్‌పెచ్. 1960లో బ్యాంకాక్‌లో పాస్కువల్ పెరెజ్‌ను ఓడించాడు. 1982లో కన్నుమూశాడు. అతన్ని హాల్‌లో చేర్చింది 2023లో. పాంగ్‌సక్లెక్, క్రిస్ జాన్ ఇద్దరికీ ఇంకా యాభై ఏళ్లు నిండలేదు. కనస్టోటా వేదిక ఎక్కి తమ కథ తామే చెప్పుకోగలరు. ఓటర్లను నేను కోరేది, ఈసారి ఓటు వేసేముందు టెంగరోంగ్ పోరునూ, కమెడాతో టోక్యోలో జరిగిన పోరునూ మొదటి గంట మోగినప్పటి నుంచి చివరి గంట మోగేదాకా చూడమని.