తపేదార్ దస్త్రంలో లేని పేర్లు

శ్రోతలకు నమస్కారం.

మొహెంజొదారో పేరు బడి పుస్తకాల్లో చదవనివారు మనలో అరుదు. ఆ నగరపు ఇటుక గోడల గురించి, మురుగు కాలువల గురించి మాస్టారు చెప్పగా విన్నాం, పరీక్షల్లో రాశాం. ఆ శిథిలాల చుట్టుపక్కల ఇవాళ ఎవరుంటున్నారో, ఏం పండిస్తున్నారో, వారి గోడు ఏ కచేరీలో ఎవరు వింటారో మాత్రం మనకు ఎవరూ చెప్పలేదు. మొహెంజొదారో పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రం, లాడ్కానా జిల్లాలో ఉంది. దానికి దక్షిణాన, సింధు నదికి పడమటి ఒడ్డున ఉన్న జిల్లా పేరు దాదూ. ఈ పూట ఆ జిల్లా ప్రజల గురించి, అక్కడ పాలన సాగే తీరు గురించి మాట్లాడుకుందాం.

దాదూకు తూర్పున సింధు నది, పడమట కీర్థర్ కొండలు. కొండల అవతల బలూచిస్తాన్. ఆ కొండల్లోనే గోరఖ్ అనే శిఖరం ఉంది. ఎత్తు ఐదున్నర వేల అడుగుల పైమాటే. ఎండలకు పేరుపడ్డ సింధ్‌లో చలికాలం నీళ్లు గడ్డకట్టే చోటు అది. కొండల పాదాల దగ్గర కాఛో అనే మెట్ట నేల. అక్కడ వాన పడితేనే జొన్న, ఆవాలు. పడకపోతే మందలను తోలుకుని వలస పోవాల్సిందే. అక్కడి నుంచి నది వైపు దిగితే కాలువల కింది నేల. 1932లో సుక్కూర్ బరాజ్ కట్టాక కుడి ఒడ్డున దాదూ కాలువ పారింది, గోధుమ, వరి పండాయి. అయితే కాలువ చివరి భూములకు నీరు అందదు. జోహీ శాఖా కాలువ కింది రైతులు నీళ్ల కోసం రోడ్డు మీద బైఠాయించడం ఆ జిల్లాలో పాత వార్తే.

2023 జనాభా లెక్కల ప్రకారం జిల్లా జనం 17 లక్షల పైచిలుకు. ఎక్కువమంది పల్లెల్లోనే ఉంటారు. దాదాపు అందరి మాతృభాష సింధీ. చాందియో, జమాలీ, లఘారీ వంటి బలోచ్ తెగలవారు కూడా తరాలుగా ఇళ్లలో సింధీ మాట్లాడేవారే. పట్టణాల్లో వర్తకం చేసుకునే హిందూ కుటుంబాలు కొన్ని ఇంకా ఉన్నాయి. 1947 తర్వాత సింధ్ వదిలి వచ్చిన హిందువులు భారతదేశమంతటా స్థిరపడ్డారు. మన హైదరాబాద్‌లో దుకాణాలు నడిపే సింధీ కుటుంబాల పెద్దల్లోనూ అలా వచ్చినవారున్నారు.

ఇక పాలన. దాదూ జిల్లా 1931లో ఏర్పడింది. 2004లో దక్షిణ భాగాన్ని విడదీసి జామ్‌షోరో జిల్లా చేశారు. ఇప్పుడు దాదూలో నాలుగు తాలూకాలు ఉన్నాయి. దాదూ, జోహీ, మేహర్, ఖైర్‌పూర్ నాథన్ షా. జిల్లాకు డిప్యూటీ కమిషనర్, తాలూకాకు అసిస్టెంట్ కమిషనర్, రెవెన్యూ వ్యవహారాలకు ముఖ్తియార్‌కార్. ముఖ్తియార్‌కార్ అంటే మన తహసీల్దార్ లాంటి అధికారి. 2001లో ముషారఫ్ ప్రభుత్వం డిప్యూటీ కమిషనర్ పదవినే తీసేసి, ఎన్నికైన నాజిమ్, అంటే జిల్లా పెద్ద, చేతికి జిల్లాను అప్పగించింది. పదేళ్లు తిరగకముందే ఆ ఏర్పాటు కూలింది, పాత పదవి తిరిగి వచ్చింది. పైన ఇన్ని మార్పులు జరిగినా కింద ఒక మనిషి మాత్రం కదలలేదు. ఆయనే తపేదార్.

రెవెన్యూ గ్రామాన్ని అక్కడ దేహ్ అంటారు. కొన్ని దేహ్‌లు కలిస్తే ఒక తపో. దాని లెక్కలన్నీ తపేదార్ దగ్గర ఉంటాయి. మన దగ్గర 1984లో రద్దయ్యే దాకా కరణం చేసిన పని అక్కడ ఆయన ఇప్పటికీ చేస్తున్నాడు. ఏ సర్వే నంబరు ఎవరిది, ఏ పైరు ఎన్ని ఎకరాలు, శిస్తు ఎంత అన్నీ ఆ దస్త్రాల్లోనే. ఏడో నంబరు ఫారంలో పేరుంటే పొలం ఉన్నట్టు. బ్యాంకు అప్పు కావాలన్నా, కోర్టులో జామీను ఇవ్వాలన్నా ఆ కాగితమే ఆధారం. 2007 డిసెంబరులో బేనజీర్ భుట్టో హత్య తర్వాత సింధ్‌లో అల్లర్లు చెలరేగినప్పుడు ముఖ్తియార్‌కార్ కార్యాలయాలు కూడా తగలబడ్డాయి. కాలిపోయిన రికార్డులను తిరగరాయాల్సి వచ్చింది. తిరగరాసే కలం చేతిలో ఉన్నవాడికి ఎంత బలం వస్తుందో పల్లెల్లో పుట్టినవారికి విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆ దస్త్రంలో పేరు లేనివాడు హారీ. హారీ అంటే భూస్వామి పొలాన్ని పాలుకు చేసే రైతు. భూస్వామిని వడేరో అంటారు. పంటలో చెరి సగం అన్నది ఆచారం. కళ్లంలో గోధుమ రాశి పోసిన రోజున వడేరో మనిషి కామ్‌దార్ ఖాతా పుస్తకం విప్పుతాడు. విత్తనాలకు ఇంత, ఎరువుకు ఇంత, ట్రాక్టరుకు ఇంత, కూతురి పెళ్లికి తీసుకున్న అప్పు ఇంత అని చదువుతాడు. చదవడం రాని హారీ వింటూ కూర్చుంటాడు. లెక్క పూర్తయ్యేసరికి సగం రాశి కాస్తా కొన్ని బస్తాలకు దిగుతుంది, బాకీ వచ్చే ఏటికి మిగులుతుంది. గొడవ వస్తే తీర్పు చెప్పే చోటు కూడా చాలాసార్లు వడేరో ఓతాకే, అంటే ఆయన చావడే. తెగ పెద్దల జిర్గాలు, అంటే పంచాయితీలు, చట్టవిరుద్ధమని సింధ్ హైకోర్టు 2004లోనే చెప్పింది. అయినా అవి ఆగలేదు.

దీన్ని సహించలేనివారు ఆ నేల మీదే పుట్టారు. లాడ్కానా జిల్లాకు చెందిన హైదర్ బఖ్ష్ జతోయీ డిప్యూటీ కలెక్టరు ఉద్యోగానికి రాజీనామా చేసి హారీ కమిటీ నాయకుడయ్యారు. ప్రభుత్వంలో ఉండి అన్నీ కళ్లారా చూసిన మనిషి కాబట్టి ఏ కాగితం అడగాలో ఆయనకు తెలుసు. ఆ ఉద్యమ ఫలితంగా 1950లో సింధ్ కౌలుదారీ చట్టం వచ్చింది. ఒకే భూస్వామి కింద కనీసం నాలుగు ఎకరాలు మూడేళ్లు వరుసగా సాగుచేసిన హారీకి ఆ చట్టం శాశ్వత హక్కు ఇచ్చింది. ఆ హక్కు నిలవాలంటే ఫలానా హారీ ఫలానా పొలం చేస్తున్నాడని రికార్డులో రాయాలి. ఆ రాతపని సరిగ్గా జరగలేదు. చట్టం ఉంది, హక్కు ఉంది, పేరు మాత్రం లేదు. దాదూ కష్టాల్లో సగానికి మూలం ఇదేనని నా నమ్మకం.

2022 ఆ జిల్లాకు చాలా చెడ్డ ఏడు. ఏప్రిల్ 18 రాత్రి మేహర్ తాలూకాలోని ఫైజ్ మహమ్మద్ దర్యానీ చాందియో అనే పల్లెలో నిప్పంటుకుంది. గాలికి గుడిసెలు ఒకదాని వెంట ఒకటి అంటుకున్నాయి. తొమ్మిది మంది పిల్లలు చనిపోయారు. పశువులు కట్టుగొయ్యల దగ్గరే కాలిపోయాయి. అగ్నిమాపక వాహనం వచ్చేసరికి గంటలు గడిచిపోయాయి, ఆర్పడానికి ఏమీ మిగలలేదు. మంత్రులు, అధికారులు ఆ తర్వాత వచ్చారు.

నాలుగు నెలలకు నీళ్లు వచ్చాయి. ఎడతెగని వానలు ఒకవైపు, కీర్థర్ కొండల నుంచి దూకే వాగులు మరోవైపు. వాటిలో పెద్దది నయీ గాజ్. దాని మీద ఆనకట్ట పనులు మొదలై ఏళ్లు గడిచినా అప్పటికి పూర్తి కాలేదు. ఆగస్టు చివరికి ఖైర్‌పూర్ నాథన్ షా పట్టణం మునిగింది. 2010 వరదలోనూ మునిగిన ఊరే అది. ఆ రెండుసార్లూ జోహీ మాత్రం నిలిచింది. ఊరి జనమే చుట్టూ మట్టికట్ట పోసి కాపాడుకున్నారు. 2022లో మేహర్ ప్రజలూ అదే పని చేశారు. దుకాణాలు మూసి, చందాలు వేసుకుని, యంత్రాలు తెప్పించి, బస్తాల్లో మట్టి నింపి, కట్ట ఎక్కడ చెమర్చితే అక్కడ పేర్చారు. రాత్రిళ్లు దీపాలు పట్టుకుని కాపలా తిరిగారు. కట్టకు అటు సముద్రంలా నీరు, ఇటు పొడి వీధులు. ఇరిగేషన్ శాఖ చేయాల్సిన పనిని బడిపంతుళ్లు, కూలీలు, కిరాణా వ్యాపారులు చేసి చూపించారు. ఆ కట్టల గురించి చదివినప్పుడల్లా వారికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఆ నీరంతా పోయి చేరేది మంఛర్ సరస్సులోకి. పడవలనే ఇళ్లుగా చేసుకున్న మొహాణా జాలర్ల సరస్సు అది. ఎగువ పొలాల ఉప్పునీటిని, మురుగును దశాబ్దాలుగా అందులోకి వదలడంతో చేపలు తగ్గాయి, పడవ ఇళ్లూ తగ్గాయి. నిండిన సరస్సు సింధు నదిలోకి దిగాలంటే నది మట్టం తక్కువగా ఉండాలి. ఆ రోజుల్లో నది కూడా నిండుగా పారుతోంది. సెప్టెంబరు 4న అధికారులు జామ్‌షోరో జిల్లా వైపు సరస్సు కట్టకు గండి కొట్టారు. సెహ్వాన్ పట్టణాన్ని కాపాడటానికి పల్లెలను ముంచక తప్పలేదన్నారు. లక్ష మంది దాకా ఇళ్లు వదలాల్సి వస్తుందని వారే చెప్పారు. గండి ఎక్కడ కొట్టాలన్న నిర్ణయం కష్టమైనదే, కాదనను. ఆ నిర్ణయం జరిగిన గదిలో మునిగే పల్లె మనిషి ఒక్కడైనా ఉన్నాడా అన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది.

వరద తీశాక సింధ్ ప్రభుత్వం ఒక మంచి పని మొదలుపెట్టింది. రాష్ట్రమంతటా 21 లక్షల ఇళ్లు తిరిగి కట్టే పథకం అది. ఇంటికి 3 లక్షల పాకిస్తానీ రూపాయలు. డబ్బు విడతలుగా నేరుగా బ్యాంకు ఖాతాలోకి వస్తుంది. దీనితో పాటు ఇంటి జాగాకు హక్కు పత్రం కూడా ఇస్తున్నారు. అదీ ఇంటి ఆడమనిషి పేరున. వడేరో పొమ్మంటే గుడిసె విప్పుకుని పోవాల్సిన కుటుంబానికి ఇది చిన్న సంగతి కాదు.

జాగాకు పేరు రాయగలిగిన ప్రభుత్వం పొలానికి కూడా రాయగలదు. అందుకు కొత్త చట్టం ఏదీ అవసరం లేదు. 1950 చట్టం ప్రకారం తపేదార్ పొలం గట్టు మీదికి వెళ్లి, అక్కడ నాగలి ఎవరిదో అడిగి, ఆ హారీ పేరు రాసుకోవాలి. ముఖ్తియార్‌కార్ ఆ రాతను తనిఖీ చేయాలి. మళ్లీ వరద వచ్చి పంట నష్టపరిహారం పంచే రోజున ఆ జాబితానే డిప్యూటీ కమిషనర్ బల్ల మీదికి రావాలి.

నమస్కారం.