రోజరీ వద్దన్న అమ్మాయి: ‘మరియాసామా గా మితేరు’ కథ ఎలా నడుస్తుంది?

నమస్కారం. అమ్మాయిల మధ్య ప్రేమానుబంధాలను చిత్రించే యూరి అనిమేలలో, అంటే ఆ కోవ జపాన్ యానిమేషన్ ధారావాహికలలో, ఆడపిల్లల పాఠశాల మనకు తరచుగా కనిపిస్తుంది. ఆ పాఠశాలను అందమైన నేపథ్యంగా మాత్రమే చూపి ఊరుకోకుండా, దాని కట్టుబాట్ల నుంచే పాత్రల మనసులను వెలికితీసిన ధారావాహిక ‘మరియాసామా గా మితేరు’, అంటే ‘మరియమాత చూస్తోంది’. ఓయుకి కొన్నో నవలల ఆధారంగా స్టూడియో దీన్ నిర్మించిన ఈ అనిమే 2004 జనవరిలో జపాన్ టెలివిజన్‌లో మొదలైంది. ఇందులో పెద్ద సంఘటనలు చాలా తక్కువ. అయినా కథ మనల్ని కదలనివ్వదంటే అందుకు కారణం, సరైన సమయంలో ‘వద్దు’ అనగలిగిన అమ్మాయిలే. ఈ వీడియోలో ఆ విషయాన్నే వివరంగా చూద్దాం.

(తెరపై: మరియమాత విగ్రహం ముందు ఇద్దరు విద్యార్థినులు)

కథ జరిగేది టోక్యోలోని ముసాషినో ప్రాంతంలో, లిలియన్ అనే కల్పిత క్యాథలిక్ బాలికల విద్యాసంస్థలో. అక్కడి ఉన్నత పాఠశాలలో ఒక సంప్రదాయం ఉంది. పై తరగతి అమ్మాయి తనకు నచ్చిన కింది తరగతి అమ్మాయికి రోజరీని, అంటే జపమాలను ఇస్తుంది. ఆమె దాన్ని స్వీకరిస్తే ఆ ఇద్దరూ అక్కాచెల్లెళ్లవుతారు. చెల్లెలిని తీర్చిదిద్దే బాధ్యత అక్కది. మిగతా పాఠశాలల కథల్లో మనసులోనే దాగి ఉండే ఇష్టం ఇక్కడ ఒక వస్తువు రూపంలో చేతికి వస్తుంది. పుచ్చుకోవడమో, తిరస్కరించడమో, పుచ్చుకున్నాక తిరిగి ఇచ్చేయడమో, ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు.

మొదటి సన్నివేశంలో మొదటి సంవత్సరం విద్యార్థిని యుమి ఫుకుజావాను సాచికో ఒగాసవారా ఆపి, ఆమె యూనిఫాం టైని స్వయంగా సరిచేస్తుంది. సాచికో సంపన్న కుటుంబపు అమ్మాయి, విద్యార్థి సంఘ సభ్యురాలు, బడి అంతా ఆరాధించే వ్యక్తి. యుమికి అది జన్మలో మరచిపోలేని క్షణం. అదే సాచికో కాసేపటికి అందరి ఎదుటా యుమిని తన చెల్లెలిగా ప్రకటిస్తుంది. అయితే అందుకు కారణం ప్రేమ కాదు. పాఠశాల ఉత్సవంలో వేయబోయే ‘సిండ్రెల్లా’ నాటకంలో ఒక అబ్బాయి సరసన నటించడం ఆమెకు ఇష్టం లేదు. చెల్లెలిని కూడా ఎంచుకోలేని దానికి అభ్యంతరం చెప్పే అర్హత లేదని సంఘంలోని పై తరగతి అమ్మాయిలు అన్నందుకు, ఎదురుపడిన మొదటి అమ్మాయిని పట్టుకుంది. పొద్దున టై సరిచేసింది ఈ అమ్మాయికేనన్న సంగతి కూడా ఆమెకు గుర్తులేదు.

యుమి వద్దంటుంది. తాను ఎవరినైతే దూరం నుంచి చూసి మురిసిపోయిందో ఆమె రోజరీ ఇవ్వబోతుంటే వద్దంటుంది. ఆ క్షణంలోనే యుమి ‘అభిమాని’ స్థానం దాటి వ్యక్తిగా నిలబడుతుంది. సాచికో కూడా ఆమెను మొదటిసారి నిజంగా చూడటం మొదలుపెడుతుంది. ఆ తరువాత మరో మలుపు ఉంది. ఆ నాటకంలోని అబ్బాయి సాచికోకు కాబోయే భర్త అని, ఆమె బాధకు మూలం అదేనని తెలిసినప్పుడు, జాలితో కరిగిపోయిన యుమి తనకు రోజరీ ఇవ్వమని తానే అడుగుతుంది. ఈసారి సాచికో నిరాకరిస్తుంది. ఆమె వేదిక ఎక్కి సిండ్రెల్లాగా నటిస్తుంది. ఉత్సవం ముగిశాక, ఎవరికీ ఏ అవసరమూ మిగలని వేళ రోజరీ చేతులు మారుతుంది. మూడు ఎపిసోడ్లలో రెండు తిరస్కరణల మీదుగా ఒక అంగీకారం ఎలా విలువ సంపాదించుకుందో గమనించండి. ఇంత పొందికైన పాత్రపరిచయం నాకు ఈ కోవ అనిమేలలో చాలా అరుదుగా కనిపించింది.

తరువాతి భాగంలో గుండె జబ్బుతో ఉన్న యోషినో, తనను అతిగా కాపాడుకునే అక్క రేయికి రోజరీ తిరిగి ఇచ్చేసి శస్త్రచికిత్సకు సిద్ధపడుతుంది. అది చూసి బడిలో మరికొన్ని జంటలు కూడా విడిపోవడం కాస్త నవ్వు తెప్పిస్తుంది గానీ, యోషినో నిర్ణయం వెనుక ఉన్న పట్టుదల మాత్రం గంభీరమైనది.

(తెరపై: ప్రార్థనా మందిరం)

ఈ ధారావాహికకు గుండెకాయ 10, 11 ఎపిసోడ్లు. అప్పటివరకు అందరినీ ఆటపట్టిస్తూ తేలికగా తిరిగే సెయి సాతోకు ఒక గతం ఉందని ఇక్కడ తెలుస్తుంది. ఆమె షియోరి అనే అమ్మాయిని ప్రేమించింది. ఆ ప్రేమ అక్కాచెల్లెళ్ల సంప్రదాయంలో ఇమిడేది కాదు. చదువు పూర్తికాగానే క్రైస్తవ సన్యాసిని కావాలన్నది షియోరి కోరిక. ప్రార్థనా మందిరంలో సెయి ముద్దు పెట్టుకోబోయినప్పుడు, మరియమాత చూస్తోందంటూ షియోరి ఆమెను ఆపుతుంది. అందరికీ రక్షణగా అనిపించే ఆ చూపు ఈ ఇద్దరి విషయంలో అడ్డుగోడ అవుతుంది. చివరికి కలిసి వెళ్లిపోదామనుకున్న రోజున, చలికాలపు రాత్రి, సెయి రైల్వే స్టేషన్‌లో ఎంతసేపు ఎదురుచూసినా షియోరి రాదు. సెయిని ఇంటికి చేర్చడానికి ఆమె అక్క, సహాధ్యాయిని యోకో వస్తారు. ఇక్కడ దర్శకుడు యుకిహిరో మత్సుషితా కన్నీళ్లను పెద్దవి చేసి చూపడు. ఎదురుచూపును సాగదీసి, ఆ నిడివిలోనే మనకు ఫలితం తెలిసేలా చేస్తాడు.

ఈ కథలకు మూలం జపాన్ చరిత్రలోనే ఉంది. 1899లో బాలికల ఉన్నత పాఠశాలలపై ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చాక అవి దేశమంతటా పెరిగాయి. వాటిలో పెద్ద, చిన్న తరగతుల అమ్మాయిల మధ్య ఏర్పడే గాఢమైన స్నేహాన్ని ‘ఎస్’ అని పిలిచేవారు. 1916 నుంచి నోబుకో యోషియా రాసిన కథలు ఆ అనుబంధానికి సాహిత్యరూపం ఇచ్చాయి. అయితే చదువు ముగిసి పెళ్లి కాగానే అది తీరిపోతుందన్న నమ్మకంతోనే నాటి సమాజం దాన్ని సహించింది. లిలియన్‌లోని అక్కాచెల్లెళ్ల పద్ధతి ఆ సంప్రదాయానికి వారసురాలే. అందుకే ఇందులో ప్రేమ అన్న మాట సూటిగా వినిపించదని కొందరు ప్రేక్షకులు అసంతృప్తి చెందుతారు. ఆ అసంతృప్తి న్యాయమైనదే. కానీ సెయి కథ ఉన్నంతవరకు, ఈ ధారావాహిక ఆ లోటును చూడకుండా దాటవేసిందని మాత్రం నేను ఒప్పుకోను. ఆమె అనుభవించినది ప్రేమేనని కథ ఎక్కడా తగ్గించి చెప్పదు.

చూడాలనుకునేవారు 2004లో వచ్చిన రెండు సీజన్లతో మొదలుపెట్టి, తరువాతి ఓవీఏలను (టీవీలో కాకుండా నేరుగా వీడియోలుగా వచ్చిన ఎపిసోడ్లు; ఇవే మూడో సీజన్), 2009 నాటి నాలుగో సీజన్‌ను అదే వరుసలో చూడండి. నాలుగో సీజన్‌లో యుమి ఇప్పుడు అక్క స్థానంలో నిలబడి తోకో అనే అమ్మాయికి రోజరీ ఇవ్వబోతుంది. అది జాలితో ఇస్తున్నదని అపార్థం చేసుకున్న తోకో కాదంటుంది. మొదటి మూడు ఎపిసోడ్లు చూసి ఉంటేనే ఆ సన్నివేశం బరువు పూర్తిగా తెలుస్తుంది కనుక, మధ్యలోంచి మొదలుపెట్టవద్దని నా మనవి.